కుట్టు విప్పిన జీలూ

"దొంగ చచ్చిపోయాడు. దొంగసొత్తు ఈపాటికి కాలిఫోర్నియా చేరుంటుంది. ఇంక ఈ ఇంట్లో నువ్వు వెతికేదేముంది శేషగిరీ?"

అమర్‌నాథ్ ఈ మాట అన్నది డాక్టర్ కృష్ణమోహన్‌గారి సోఫాలో కాలు మీద కాలు వేసుకుని, సరోజమ్మగారు ఇచ్చిన కాఫీ చప్పరిస్తూ. ఆ కప్పు లాక్కుని అతని నెత్తిన బోర్లిస్తే ఎలా ఉంటుందా అని శేషగిరి ఒక్క క్షణం ఆలోచించాడు. బాగానే ఉంటుంది. కానీ చాలదు. తన కడుపులో వారం రోజులుగా మండుతున్న మంట కప్పు కాఫీతో ఆరేది కాదు.

అమర్‌నాథ్ 'దొంగ' అన్నది ఉస్తాద్ రెజాని. ఇరాన్‌లో ఎడారి పక్కన మేబోద్ అని ఒక చిన్న ఊరుంది. మట్టి ఇళ్ళు, కుమ్మరులు, నేతగాళ్ళు. ఆ ఊరికి పేరు తెచ్చిన నేత జీలూ. నేలమీద పరుచుకునేదే, కానీ ఉన్ని పోగు ఒక్కటీ ఉండదు, అంతా నూలే. నీలం, తెలుపు దారాలతో మందంగా నేసి మసీదులకి వక్ఫ్‌గా, అంటే దేవుడి సొత్తుగా, ఇస్తారు. ఉస్తాద్ రెజా వంశమంతా ఆ మగ్గాల మీదే బతికింది. ఆయన మాత్రం కూతురు పర్వానే కోసం టెక్సస్‌లోని ఇర్వింగ్ వచ్చి, ఇళ్ళల్లో పాత జీలూలకి, తివాచీలకి చిరుగులు బాగుచేస్తూ ఆరేళ్ళు గడిపాడు. పోయిన గురువారం మధ్యాహ్నం కాపెల్‌లోని ఇదే ఇంట్లో, వెనక గాజుగదిలో, పని చేసుకునే ఇనప చట్రం మూలకి తల కొట్టుకుని చనిపోయాడు. ఆయన చేతిలో ఉన్న జీలూ మాయమైంది.

అమర్‌నాథ్ ఇన్సూరెన్స్ వాళ్ళ తరఫున వచ్చిన ఇన్వెస్టిగేటర్. సూటు, పెద్ద ఆఫీసు, కింద నలుగురు మనుషులు. ముసలాయనే తన ఇరానీ స్నేహితుల్ని పిలిచి జీలూ అప్పగించాడని, పంపకాల దగ్గర మాటామాటా పెరిగి వాళ్ళు తోసేశారని అతను రిపోర్ట్ రాశాడు. పోలీసులకి ఆ కథ నచ్చింది. నచ్చే కథే మరి, ఎవరికీ పని పెట్టదు.

ఆ కథ మేబోద్ దాకా పాకింది. నిన్న సాయంత్రం పర్వానే ఏడుపు బిగబట్టుకుని శేషగిరికి ఒక మాట చెప్పింది. "మా పేట మసీదులో నాన్న ఆత్మకోసం ఫాతెహా చదవరట అంకుల్. వక్ఫ్ సొత్తు ఎత్తుకుపోయినవాడి పేరు అక్కడ తలవనివ్వరట. మా పెదనాన్న అడిగితే బయటికి పంపేశారట."

శేషగిరి పాతబస్తీ పత్తర్‌ఘట్టీలో పుట్టి పెరిగినవాడు. ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్ పైన ఒక గది అద్దెకు తీసుకుని డిటెక్టివ్ లైసెన్స్ గోడకి తగిలించుకున్నాడు. అతని ఉర్దూకి ఉస్తాద్ ఫార్సీకి శుక్రవారం శుక్రవారం టీ దగ్గర పొత్తు కుదిరింది. భార్య ఆఖరి రోజుల్లో, సొంత తమ్ముడు కూడా ఫోన్‌తో సరిపెట్టినప్పుడు, హాస్పిటల్ బెంచీ మీద పక్కన కూర్చుని తెల్లవార్లూ తస్బీ జపమాల తిప్పింది ఆ ముసలాయనే. అలాంటి మనిషిని చంపారు. చంపి ఊరుకోక దొంగని చేశారు. చంపినవాణ్ణి పట్టుకోవాలి. ఏ మసీదులో పేరెత్తకూడదన్నారో అదే మసీదులో ఆయనకి ఫాతెహా చదివించాలి. ఈ రెండూ అయ్యేదాకా తాను మనిషిని కానని శేషగిరి అనుకున్నాడు.

అతను అమర్‌నాథ్‌కి జవాబివ్వకుండా డాక్టర్‌గారి వైపు తిరిగాడు. కృష్ణమోహన్‌గారిది తెనాలి. డెబ్బై దాటినా వారానికి మూడు రోజులు క్లినిక్‌కి వెళ్తారు.

"డాక్టర్ సాబ్, ఆ జీలూ ఎవరి దగ్గర కొన్నరు?"

"ఆన్‌లైన్‌లోనయ్యా. ఎనిమిదేళ్ళయింది. బెంటన్‌విల్ అడ్రస్‌తో ఏదో కంపెనీ. మనిషిని చూడలేదు. ఫోన్‌లో మాట్లాడాడు, బాక్స్ ఇంటికొచ్చింది."

"ఏ భాషల మాట్లాడిండు?"

"ఇంగ్లీషే. ఇక్కడివాడిలాగే మాట్లాడాడు. మా ఫ్రెండ్స్ ఇళ్ళల్లో కూడా అతని దగ్గర కొన్నవి ఉన్నాయి. వాటినీ ఉస్తాదే బాగుచేశాడు."

"మసీదుదని ఉస్తాద్ ఎప్పుడు చెప్పిండు?"

"నెల అయింది. నేత చూడగానే ఇది మా ఊరిదే అన్నాడు. ఏ మసీదుదో తేలాలంటే అంచు చూడాలన్నాడు. ఆ అంచు పొడుగునా ఎవరో గుడ్డపట్టీ వేసి గట్టిగా కుట్టేశారు. మేం కొన్నప్పటినుంచీ అలాగే ఉంది. చిరగకుండా వేశారేమో అనుకున్నాం." డాక్టర్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "విప్పి చూడు, మసీదుదే అయితే తిరిగి పంపించేద్దాం అన్నాను. దేవుడి సొమ్ము మనకెందుకని సరోజ కూడా అంది. బుధవారం సాయంత్రం దాకా విప్పలేదు. గురువారం నేను క్లినిక్‌లో ఉన్నా. సరోజ కూరగాయలకని ఇర్వింగ్ వెళ్ళింది. పిల్లలు ఆఫీసుల్లో ఉన్నారు."

"అంటే పట్టీ కింద ఏముందో మీకు తెల్వదు."

"తెలీదయ్యా. చూసే యోగం లేకపోయింది."

శేషగిరి అప్పుడు అమర్‌నాథ్‌ని చూశాడు. "నువ్వు చూసినవా ఆ జీలూ?"

"నేనెలా చూస్తాను? నేను ఈ గడప తొక్కిందే శనివారం. అప్పటికే చాప ఎగిరిపోయింది. ఫైల్లో ఉన్న ఫొటోలో సగం గుడ్డపట్టీయే."

"ఉస్తాద్‌ను?"

"ఆయన శవాన్ని కూడా చూడలేదు. ఇంక చాలా, క్రాస్ ఎగ్జామినేషన్?" అమర్‌నాథ్ నవ్వాడు. "సరోజాంటీ, కాఫీ అదిరింది."

శేషగిరి లేచి గాజుగదిలోకి నడిచాడు. చట్రం అలాగే ఉంది. దాని మూల పోలీసులు తుడిచిన చోట ఇనుము మెరుస్తోంది. కిందనే చిన్న పీట, దారపు ఉండలు, ఆయన సూదుల డబ్బా. డబ్బా మూత వేసి ఉంది. మూత వేశాడంటే ఆరోజుకి పని ఆపేశాడు. పని ఆపింది ఎవరో వస్తున్నారనే. గోడవారన చిన్న బల్ల, దాని మీద టీ కాచే సమోవార్.

"ఆరోజు ఇక్కడ టీ గ్లాసులున్నయా అమ్మా?" అని గుమ్మంలో నిలబడ్డ సరోజమ్మగారిని అడిగాడు.

"రెండున్నాయండీ. పోలీసులు ఫొటోలు తీసుకుని కడుక్కోమన్నారు. ఒకదాని అడుగున ఏమీ లేదు. ఇంకోదాని అడుగున పంచదార గడ్డకట్టుకుపోయింది, చెంచా అందులోనే ఉంది. వేణ్ణీళ్ళు పోసి నానబెడితే గానీ వదల్లేదు."

వెనకే వచ్చిన అమర్‌నాథ్‌కి వినిపించేలా శేషగిరి అన్నాడు, "మేబోద్‌ల టీలో చక్కెర కలపరు. బిళ్ళ పంటి కింద పెట్టుకుని తాగుతరు. ఉస్తాద్ నన్ను ఎన్నిసార్లు ఎక్కిరించిండో, చెంచాతో తిప్పుతవని. ఆరోజు వచ్చినోడు చెంచా తిప్పిండు. వాడు ఇరానీ కాదు."

"ఓహో. టీ గ్లాసు చూసి హంతకుడి జాతకం చెప్పేస్తున్నావన్నమాట. ఇక్కడ పుట్టిన ఇరానీ కుర్రాళ్ళకి ఆ బిళ్ళలూ పళ్ళూ ఏం తెలుసు? నువ్వింకా పాతబస్తీలోనే ఉన్నావు."

"ఉన్న. అక్కడ్నే బాగుంది."

అమర్‌నాథ్ నవ్వు ఆపి దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించి, సరోజమ్మగారికి వినపడకుండా, "చూడు, ఇది నా కేస్. నా రిపోర్ట్ క్లోజ్ అయింది. ఆ పిల్ల ఏడిస్తే కరిగిపోయి నువ్విక్కడ తిరుగుతున్నావని నాకు తెలుసు. ఒక్క కంప్లెయింట్ పెడితే నీ లైసెన్స్ పోతుంది. దేనికి చెప్పు, ఒక ముసలి దొంగ కోసం?" అన్నాడు.

ఆ చివరి మాటకి శేషగిరి చెయ్యి దానంతటదే పిడికిలి బిగించింది. కొట్టలేదు. కొడితే లైసెన్స్ పోతుందని కాదు. కొడితే అక్కడితో సరిపోతుందేమోనని భయం.

అమర్‌నాథ్ ఫోన్ మోగితే పెరట్లోకి వెళ్ళాడు. శేషగిరి వంటింట్లోకి వచ్చి మంచినీళ్ళడిగాడు. సరోజమ్మగారు గ్లాసు అందిస్తూ మెల్లగా, "ఆయన మీద మీకు కోపం ఉన్నట్టుంది గానీ, చాలా శ్రద్ధగల మనిషండీ. శనివారం వచ్చి ఇల్లంతా వెతికారు. సోమవారం మళ్ళీ వచ్చారు. నిన్నయితే పాపం సూటుతోనే అటక ఎక్కారు, దుమ్ము కొట్టుకుపోయారు" అంది.

శేషగిరి నీళ్ళు తాగడం ఆపాడు. "కాలిఫోర్నియా పోయిందన్నదాన్ని మీ అటక మీద ఎందుకు వెతికిండమ్మా?"

ఆ ప్రశ్న ఆవిడకి తట్టలేదు. నిజం చెప్పాలంటే పోలీసులకీ తట్టలేదు.

"ఏదన్నా గది వదిలిండా?"

"పూజగది. వచ్చినప్పుడల్లా నేను అందులోనే ఉన్నానండీ. ఈ వారమంతా భయమేసినప్పుడల్లా వెళ్ళి అక్కడే కూర్చుంటున్నాను. గుమ్మం దగ్గర నిలబడి చూసి, దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయారు." ఆవిడ కొంచెం సిగ్గుపడుతూ, "ఈ మధ్య అక్కడ కూర్చుంటే మోకాళ్ళు కూడా నొప్పెట్టడం లేదు. మా కోడలు స్పందన కుషన్ ఏదో తెచ్చి జంపఖానా కింద వేసినట్టుంది. అడుగుదామనుకుంటూనే మర్చిపోతున్నాను" అంది.

శేషగిరి గ్లాసు కింద పెట్టాడు. "నేను లోపలికి రావచ్చా అమ్మా?"

చిన్న గది. వెంకటేశ్వరస్వామి పటం, దీపపు కుందులు, ఎదురుగా నేలమీద చారల జంపఖానా. సాక్సులు కూడా విప్పి లోపలికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, జంపఖానా కొస ఎత్తాడు. కింద నాలుగు మడతల మీద నీలం, తెలుపు నూలు. ఒక అంచున తెగిన కుట్ల దారాలు ఇంకా వేలాడుతున్నాయి.

సరోజమ్మగారు గోడ పట్టుకుంది. "అయ్యో, వారం రోజులుగా నేను దీని మీద కూర్చున్నానా? మసీదు వస్తువు మీద?"

"కూర్చునేందుకే నేసిండ్రమ్మా. దేవుని ముందల కూర్చునేందుకే. ఈ ఇంట్ల చెప్పుల కాలు పడని జాగ ఇదొక్కటే అని ఉస్తాద్‌కు తెలుసు. అందుకే ఈడ పెట్టిండు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. శేషగిరి మడతలు విప్పాడు. ఆరడుగుల జీలూ. పట్టీ విప్పిన చోట, అడుగున అంచు పొడుగునా మెట్లు మెట్లుగా ఏవో గళ్ళు. తెలియనివాళ్ళు చూస్తే ముగ్గులో కొస అనుకుంటారు. శేషగిరికి ఉర్దూ చదవడం వచ్చు కాబట్టి, అదీ వేలు పెట్టి చాలాసేపు తడుముకుంటే గానీ, అవి అక్షరాలని పోల్చుకోలేకపోయాడు. ఫలానా పేట మసీదుకి వక్ఫ్. గడప దాటించరాదు. నేసినవాడు హుసేన్, రెజా కొడుకు.

హుసేన్ అంటే ఉస్తాద్ తాత. ఆ తాత తండ్రి పేరే తనకి పెట్టారని ఉస్తాద్ చెబుతుండేవాడు. తాత నేసి దేవుడికిచ్చినదాన్ని మనవడు దొంగిలించాడని ఊరంతా ఉమ్మేస్తోంది. శేషగిరి అక్కడే కూర్చుని పర్వానేకి ఫోన్ చేశాడు.

వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. విషయం విని ఆమె గబగబా చెప్పింది. "ఆరోజు మధ్యాహ్నం నాన్న ఫోన్ చేశారని మీకు చెప్పాను కదా, పోలీసులే పట్టించుకోలేదు. ఇప్పుడే పట్టీ విప్పాను, తాత పేరు బయటపడింది అన్నారు. అమ్మినవాడి నంబర్ డాక్టర్‌గారి పాత బిల్లులో ఉంటే పిలిచాను, వస్తున్నాడు, మొహం మీదే అడుగుతాను అన్నారు. వాడి పేరు చెప్పలేదు. ఆ నంబర్ ఇప్పుడు మోగడం లేదు."

"వాడిప్పుడు పెరట్ల తిరుగుతున్నడు బేటీ."

"ఎవరు?"

"చెప్త. ముందు మీ పెదనాన్నకు ఫోన్ కొట్టు. అక్కడ రాత్రి నమాజు అయ్యే వేళ కదా. మసీదు పెద్దల్ని కూర్చోబెట్టి ఫోన్ స్పీకర్‌ల పెట్టమను. నువ్వు లాప్‌టాప్ ముందు కూర్చో, స్కైప్ ఆన్ చేయి. ఈడ జరిగేది చూసి వాళ్ళకు ఎప్పటికప్పుడు చెప్పు."

ఎదురుగా కూర్చుని ఒప్పించే సాక్ష్యం తన దగ్గర లేదని శేషగిరికి తెలుసు. టీ గ్లాసు కడిగేశారు. నంబర్ చచ్చిపోయింది. అమర్‌నాథ్ నాలుక మీద తేనె ఉంది, వాడు మాటతో ఎప్పటికీ చిక్కడు. వాడి నోరు కాక ఇంకేదైనా మాట్లాడాలి.

జీలూకి రెండు వైపులూ మొహాలే. ఒక వైపు నీలం మీద తెల్ల ముగ్గు ఉంటే, తిరగేస్తే తెలుపు మీద నీలం ముగ్గు. ఈ ఇంట్లో ఇన్నేళ్ళూ నీలం వైపే పైకి ఉండేదని సరోజమ్మగారు చెప్పింది. శేషగిరి ఎవరూ చూడగానే పోల్చుకోకుండా తెల్ల వైపు పైకి పెట్టి, హాలు నుంచి గాజుగదికి వెళ్ళే ఇరుకు నడవాలో, అక్కడి మామూలు చాప తీసేసి దాన్ని పరిచాడు. అక్షరాల అంచు గాజుగది వైపు వచ్చేలా పెట్టాడు. నడవా కనపడేలా బల్ల మీద సరోజమ్మగారి లాప్‌టాప్ తిప్పి పెట్టాడు. తెరమీద పర్వానే మొహం, పక్కన ఆమె ఫోన్. తెలుగు రాని ఆమెకి జరిగేది ఇంగ్లీషులో చెప్పమని సరోజమ్మగారిని లాప్‌టాప్ పక్కన కూర్చోబెట్టాడు. "హుసేన్ తాతా, నన్ను మన్నించు, కొంచెంసేపే" అని మనసులోనే అనుకున్నాడు.

తర్వాత గాజుగదిలో నిలబడి, గాజు తలుపు తీసి, పెరట్లోకి కేకేశాడు. "అమర్‌నాథ్, ముందు తలుపు నుంచి రా, ఈ గదిల బూట్లు వద్దు. డాక్టర్ సాబ్, మీరూ రండి. ఈ గదిల ఒకటి దొరికింది, అందరూ చూడాలె."

అమర్‌నాథ్ పక్క గేటు నుంచి తిరిగి ముందు తలుపులోంచి వచ్చాడు, అలవాటుగా బూట్లు విప్పి. ఇంట్లోనుంచి పని చేసుకుంటున్న డాక్టర్‌గారబ్బాయి సిద్ధార్థ్ కూడా మేడ దిగాడు. ముందు అతనే నడవాలోకి వచ్చాడు. జీలూ మీద ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచి, అంచు మీద నిలబడి, "అమ్మా, కొత్త రగ్ కొన్నావా? నైస్" అన్నాడు. వెనక డాక్టర్‌గారు వచ్చారు, చూసుకోకుండా దాటేశారు. వాళ్ళ వెనక అమర్‌నాథ్. బొటనవేలితో ఫోన్ మీద ఏదో కొట్టుకుంటూ జీలూ మధ్యలో నడిచాడు. పంపేసి, ఫోన్ జేబులో వేసుకుంటూ తలవంచాడు. అప్పటికే అతని కుడికాలు అంచు మీద పడింది.

కాలు నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది. ఆ వెంటనే నడుం వంగింది. కుడిచేతి వేళ్ళు ఆ గళ్ళని తాకి, రెండు కళ్ళకీ అద్దుకున్నాయి. అంతా రెప్పపాటులో అయిపోయింది. వేళ్ళు కళ్ళమీద ఉండగానే తాను ఏం చేశాడో అమర్‌నాథ్‌కి అర్థమైంది. ఆ వేళ్ళు దించడానికి అతనికి చాలాసేపు పట్టింది.

సిద్ధార్థ్ ఇక్కడ పుట్టిన పిల్లాడు, అతనికి మాత్రం ఇది వింతగా ఉంది. "వెయిట్, అంకుల్ ఎందుకు అలా చేశారు? బుక్‌కి కాలు తగిలితే అమ్మ నాతో అట్లా చేయించేది. బట్ ఇది రగ్ కదా?"

"మంచిగ అడిగినవ్ బాబూ" అన్నాడు శేషగిరి. "చెప్పు అమర్‌నాథ్. పుస్తకం తొక్కితే కళ్ళకద్దుకుంటం. అక్షరం తొక్కితే అద్దుకుంటం. చాప తొక్కితే ఎవడద్దుకుంటడు? దీని నడుమంతా తొక్కుకుంట వచ్చినవ్, ఏం కాలే. ఆ అంచు కాడికి రాంగనే కాలు గుంజుకున్నవ్. అవి అక్షరాలని నీకెవరు చెప్పిండ్రు?"

"అది... ఉర్దూలాగా కనపడితే..."

"నీకు ఉర్దూ రాదు. నాకు వచ్చు, నాకే చానాసేపు పట్టింది. ఎనిమిదేండ్లు ఇంట్ల పెట్టుకున్న డాక్టర్ సాబ్ తొక్కి దాటిండు. పట్టీ విప్పింది గురువారం పగటీలి. విప్పినంక ఉస్తాద్ దగ్గరికి వచ్చింది ఒక్కడే మనిషి. నువ్వు శనివారం దాకా ఈ గడప తొక్కలేదంటివి, సరోజమ్మ విన్నది, డాక్టర్ సాబ్ విన్నడు."

అమర్‌నాథ్ మొహం పాలిపోయింది. శేషగిరి ఆగలేదు. వారం రోజుల మంట గొంతులోకి వచ్చింది.

"ఆరోజు గుడ నీ కాలు గక్కడ్నే పడ్డది. ముసలాయన కసిరి ఉంటడు, అక్షరాలు తొక్కకురా అని. నువ్వు వంగి కళ్ళకద్దుకున్నవ్. అమ్మ చిన్నప్పుడు నేర్పింది కదా, ఒంట్ల ఇంకిపోయింది. తర్వాత జీలూ నాకియ్యి, పోత అన్నవ్. కారు గ్యారేజీ కాడికి తెచ్చుకునేందుకు బయటికి పోయినవ్. తిరిగొచ్చే లోపల ఆయన దాచిండు. ఎక్కడ పెట్టినవని అడిగినవ్, చెప్పలే. తోసినవ్. ఆ పట్టీ వేసి కుట్టి, దేవుని పేరు గుడ్డ కింద దాచి అమ్మింది నువ్వే. దొరికితే ఇన్ని ఇండ్లల్ల అమ్మినవన్నీ బయటపడతయ్. అందుకే ఈ కేస్ అడిగి తీసుకుని మూడుసార్లు వచ్చి వెతికినవ్. అటక గుడ ఎక్కినవ్."

డాక్టర్‌గారు ఒక అడుగు ముందుకు వేశారు. "నువ్వా అమర్‌నాథ్? ఫోన్‌లో మాట్లాడింది నువ్వా? నా ఇంట్లో కాఫీ తాగుతూ..."

అమర్‌నాథ్ వాళ్ళందరినీ ఒకసారి చూసి, మెల్లగా సూటు సర్దుకున్నాడు. నవ్వు మళ్ళీ వచ్చింది. "బాగుంది. ఇప్పుడేం చేస్తావ్? టెక్సస్ జ్యూరీ ముందు నిలబడి, యువర్ ఆనర్, వీడు కళ్ళకద్దుకున్నాడు అంటావా? నవ్విపోతారు."

"జ్యూరీ సంగతి తర్వాత. నేను ముందు వినిపించింది వాళ్ళకు కాదు."

శేషగిరి లాప్‌టాప్ వైపు చూపించాడు. పర్వానే చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. ఆమె ఫోన్ దగ్గరికి వంగి ఫార్సీలో గబగబా చెబుతోంది. అక్షరాలు తొక్కితే వీళ్ళు ఇలా చేస్తారు అంటూ, తన వేళ్ళు తన కళ్ళకి తాకించి మరీ చెప్పింది, అవతలివాళ్ళకి కనపడదని మర్చిపోయి. చివర్న తాత పేరు చెప్పింది. తర్వాత ఫోన్‌లో ఒక ముసలి గొంతు, వెనకే ఇంకొన్ని గొంతులు, నెమ్మదిగా ఫాతెహా అందుకున్నాయి. మధ్యలో ఉస్తాద్ రెజా పేరు స్పష్టంగా వినిపించింది.

శేషగిరి జీవితంలో అంత తీయటి పగ ఎప్పుడూ రుచి చూడలేదు. కళ్ళు చెమర్చాయి, తుడుచుకోలేదు. అమర్‌నాథ్ ఆ గొంతులు వినక తప్పని చోట నిలబడి ఉండడం చూసి కడుపు నిండింది.

"అయిందా?" అన్నాడు అమర్‌నాథ్. "ఇప్పుడు నా మాట విను. ఈ ఇంట్లో దొరకలేదు కాబట్టి ఆ అమ్మాయి దగ్గరే ఉంటుందనుకున్నాను. నా మనిషి రవి పొద్దున్నుంచీ ఆమె అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఉన్నాడు. ఇందాక నడుస్తూ నేను కొట్టిన మెసేజ్ వాడికే. పైకెళ్ళి అడగమన్నాను. ఎలా అడగాలో వాడికి నేను చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ఆ చాప చుట్టి నా కార్‌లో పెట్టు. వాణ్ణి ఆపేస్తాను. ఇక్కణ్ణుంచి ఇర్వింగ్ హైవే మీద ఎంతసేపో నీకు తెలుసు."

సిద్ధార్థ్ అప్పటికే 911కి ఫోన్ చేసి, పర్వానే అడ్రస్ ఏంటి, చెప్పండి అని అరుస్తున్నాడు. శేషగిరి అడ్రస్ చెప్పి, లాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తాడు.

"బేటీ, విను. ఒకడు పైకొస్తున్నడు. తలుపు తియ్యకు. బాత్‌రూమ్‌ల గడియ పెట్టుకో. పోలీసులొస్తున్నరు. జీలూ వీనికిచ్చేస్త, భయపడకు."

పర్వానే ఏడుపు ఆగిపోయింది. తెరలోంచి అతన్ని కాక, అతని వెనక నిలబడ్డ అమర్‌నాథ్‌ని చూసింది. "వాణ్ణి పంపింది ఆయనేనా?"

"ఆడే."

"ఇవ్వకండి అంకుల్. ఒక్క పోగు కూడా ఇవ్వకండి. నాన్న పేరు ఇంటికి చేరింది. తాత నేత కూడా చేరాలి."

అప్పుడే ఆమె వెనక ఎక్కడో తలుపు మీద చప్పుడైంది. మర్యాదగా కొట్టినట్టే ఉంది. ఆమె తిరిగి చూసి లేచింది. బాత్‌రూమ్ వైపు వెళ్ళలేదు. గోడకి తగిలించిన ఒక ఇనప పంజా తీసింది. నేతలో దారాన్ని దట్టించడానికి తండ్రి వాడినది, మనిషి చెయ్యంత పొడుగు, వేళ్ళలాంటి పళ్ళు. రెండు చేతులతో పట్టుకుని బరువు చూసుకుంది.

"పర్వానే, నా మాట విను. తీయకు" అని శేషగిరి అరిచాడు. అమర్‌నాథ్ కూడా తెరకేసి చూస్తూ ఉండిపోయాడు, అతని చెయ్యి జేబులో ఫోన్ కోసం తడుముకుంటోంది, రవిని ఆపే మెసేజ్ కొట్టడానికి. పర్వానే ఎవరి మాటా వినలేదు. తెరలో ఖాళీ కుర్చీ మిగిలింది, బల్ల మీద వదిలేసిన ఫోన్‌లో మేబోద్ ముసలివాళ్ళు ఇంకా చదువుతూనే ఉన్నారు. ఈ పగ తనకొక్కడికే ఉందని శేషగిరి ఇన్ని రోజులూ అనుకున్నాడు.

తలుపు రెండోసారి కొట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత గడియ తీసిన చప్పుడు. తీసింది లోపలినుంచే.